తలుపు బందు నుంచి కీలక నిర్ణయం దాకా

విజయవాడ వన్‌టౌన్‌లో ఏ హార్డ్‌వేర్ కొట్టు ముందైనా ఓ అరగంట నిలబడితే ఒకే వస్తువును మూడు పేర్లతో అడగడం వినపడుతుంది. కొత్తగా ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లు 'హింజెస్ చూపించండి' అంటారు. ఏళ్ల తరబడి తలుపులు బిగిస్తున్న వడ్రంగి మేస్త్రీ 'నాలుగంగుళాల మడత బందులు ఆరు ఇవ్వు' అంటాడు. ఇంటీరియర్ పనికి రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాడు 'కబ్జా' అంటాడు. కొట్టతను ముగ్గురికీ ఒకే అరలోంచి తీసి ఇస్తాడు. రెండు రేకులు, వాటి అంచుల్ని గొట్టాల్లా చుట్టి చేసిన కణుపులు, ఒక రేకు కణుపుల సందుల్లో రెండో రేకు కణుపులు కూర్చున్నాక వాటన్నిటిలోంచీ దూర్చిన ఒక పిన్ను. అంతకుమించి అందులో ఏమీ లేదు.

దీనికి నాలుగో పేరు కూడా ఉంది. అది 'కీలు'. నిఘంటువు తీస్తే తలుపు తిరిగే బందు అనే అర్థం కనిపిస్తుంది గానీ కొట్లో ఆ మాటతో అడిగేవాళ్లు కనబడరు. ఆ మాట ఇప్పుడు ఎక్కువగా కనిపించేది సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రుల బోర్డుల మీద: 'ఎముకలు, కీళ్ల వైద్య నిపుణులు'. తలుపును వదిలేసిన మాట ఒంట్లో మాత్రం గట్టిగా నిలబడింది. మోకాలి దగ్గరా మోచేతి దగ్గరా ముడుచుకునే చోటుకు తెలుగువాళ్ల వాడుకలో వేరే మాట లేదు. దానికి దగ్గరి చుట్టమైన 'కీలకం' మాత్రం పేపర్లలో, టీవీ స్క్రోలింగుల్లో రోజుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కే ఉండదు. ఒక చిన్న ఇనప ముక్క పేరుకు ఇన్ని దారులు ఎలా వచ్చాయో చూస్తే, మాట ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ అరిగిపోయిందో తెలుస్తుంది.

ఒకే వస్తువును ఒక్కో భాష ఒక్కో వైపు నుంచి చూసింది. తెలుగు మేస్త్రీ 'బందు' అన్నాడంటే కట్టిపడేసే గుణాన్ని చూశాడన్నమాట. బందు అంటే కట్టు. తలుపు చుట్టూ ఉండే చట్రాన్ని మనం ద్వారబంధం అంటాం కదా, ఆ బంధం కూడా ఇదే కుటుంబం. మడిచినట్టు ముడుచుకునే కట్టు కాబట్టి మడత బందు. ఇంగ్లీషు 'హింజ్' వేలాడటాన్ని చూసింది. వేలాడదీయడం అనే అర్థమున్న 'హ్యాంగ్' దాని పుట్టిల్లు. తలుపు ఎవరికైనా నిలబడినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది ఒక పక్క నుంచి వేలాడుతూ ఉంటుంది. ఆ మాటలో ఎంత పరిశీలన ఉందో కాసేపట్లో లెక్క వేస్తే తెలుస్తుంది. ఉర్దూ, హిందీల 'కబ్జా' పట్టును చూసింది. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు మూలార్థం పిడికిలితో పట్టుకోవడం. కత్తి పిడి కబ్జా, స్వాధీనం కబ్జా, తలుపును పట్టి ఉంచే బందూ కబ్జాయే. తెలుగులోకి మాత్రం స్వాధీనం ఒక్కటే వచ్చింది, అదీ అక్రమ స్వాధీనంగా. అందుకే ఇంటి పని జరిగేచోట కుర్రాడు 'కబ్జా ఢీలా హై' (బందు వదులుగా ఉంది) అంటే, ఇంటాయనకు తలుపు కన్నా ముందు స్థలం గుర్తొస్తుంది.

లాటిన్ తిరిగే ఇరుసును చూసింది. రోమన్ల తలుపులకు ఇప్పటిలా రేకుల బందులు తక్కువ. తలుపు చెక్కకే పైనా కిందా బొడిపెలుండేవి, అవి గుంటల్లో కూర్చుని తిరిగేవి. దాన్ని 'కార్దో' అన్నారు. మన పాత కోటల్లో, గుళ్లలో రాతి గడపల మూలల్లో గుండ్రంగా అరిగిన గుంటలు కనిపిస్తాయే, అవి ఇలాంటి తలుపులు తిరిగిన చోట్లే. చెక్క ఎప్పుడో పోయింది, తలుపూ పోయింది, గుంట మాత్రం మిగిలింది. ఆ 'కార్దో' నుంచే ఇంగ్లీషులో 'కార్డినల్' వచ్చింది. ఉత్తర దక్షిణ తూర్పు పడమరలు కార్డినల్ దిక్కులు, ఎందుకంటే మిగతా దిక్కులన్నిటినీ వాటిని బట్టే చెబుతాం. క్యాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి పెద్దలకూ అదే పేరు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయినప్పుడు గుణదల మేరీమాత కొండ దగ్గర ఆ మాట ఎంతమంది నోట నలిగిందో. ఆ పదవి పేరులో ఒక తలుపు బొడిపె దాగి ఉంది.

ఇక మన కీలు. సంస్కృతంలో 'కీల' అంటే మేకు, చీల, గూటం. (అగ్నికీలల్లో కీల వేరు, అది మంట నాలుక.) రెండు వస్తువుల్ని కలిపి మధ్యలో దిగగొట్టే చీల మీద ఈ మాట చూపు పడింది. తమిళంలో 'కీల్' అన్నా తలుపు బందే, ఒంటి కీలే. వాళ్ల 'కీల్‌వాదం' మన కీళ్లవాతం. కన్నడంలో 'కీలి' తాళం దాకా వెళ్లింది. తెలుగులో ఈ మాట ఇంకో మలుపు కూడా తిరిగింది. పైకి కనపడని చీల ఎక్కడుందో తెలిస్తే యంత్రం మన మాట వింటుంది. అందుకని కీలు అంటే మర్మం, కిటుకు అనే అర్థాలు వచ్చాయి. జానపద కథల్లో కీలుగుర్రం ఆ అర్థంలోదే. కీలు తిప్పితే పైకెగురుతుంది, ఇంకో కీలు తిప్పితే దిగుతుంది, ఏది ఎటు తిప్పాలో తెలియనివాడు ఆకాశంలోనే ఉండిపోతాడు. ఎవరో ఆడిస్తే ఆడేవాణ్ణి కీలుబొమ్మ అంటాం. తోలుబొమ్మలాటలో బొమ్మ భుజం దగ్గరా మోచేతి దగ్గరా విడివిడి ముక్కల్ని దారంతో ముడేసి కడతారు. ఆ ముడి దగ్గరే చేయి కదులుతుంది. ముడి బిగిస్తే బొమ్మ కర్రలా ఉంటుంది, వదిలేస్తే చేయి వేలాడిపోతుంది. రెంటికీ మధ్య ఉండటమే కీలు పని.

'కీలెరిగి వాత పెట్టాలి' అనే సామెతలో ఈ మర్మమంతా ఉంది. పశువు కుంటితే, మనిషికి వాతం పట్టేస్తే కాల్చిన ఇనుముతో వాత పెట్టే నాటువైద్యం ఉండేది. వైద్యంగా దాన్ని సమర్థించాల్సిన పని లేదు, కాల్చిన గాయం కాల్చిన గాయమే. సామెత మాత్రం ఎంత కచ్చితంగా ఉందో చూడండి. నొప్పి ఒకచోట ఉంటుంది, దాన్ని నడిపే కీలు ఇంకోచోట ఉంటుంది. ఆ రెండో చోటు తెలియకుండా చేయి చేసుకోవద్దని అది చెబుతోంది.

తలుపు విషయంలో ఇది అక్షరాలా నిజం. తలుపు నేలకు రాసుకుంటోందని చాలామంది కింది అంచు చిత్రిక పట్టించేస్తారు. రాసుకునేది కింద, అదీ గడియ వైపు మూల. జబ్బు ఉన్నది మాత్రం దానికి ఎదురు మూలలో, పై బందులో. ఎలాగంటే, ఒక తలుపు 30 కిలోల బరువు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. దాని బరువంతా మధ్యలో, అంటే బందుల వరస నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. పై బందుకూ కింది బందుకూ మధ్య ఎడం 150 సెంటీమీటర్లు. 30ని 45తో హెచ్చించి 150తో భాగిస్తే 9. అంటే తలుపు తన బరువు మోయించుకోవడమే కాక, పై బందును ద్వారబంధం నుంచి 9 కిలోల బలంతో రాత్రీ పగలూ బయటికి లాగుతూ ఉంటుంది. కింది బందును అంతే బలంతో లోపలికి నొక్కుతుంది. నొక్కుడుకు స్క్రూలు తట్టుకుంటాయి, లాగుడుకు తట్టుకోలేవు. అదే బందుల మధ్య ఎడం సగం చేసి 75 సెంటీమీటర్లకు బిగిస్తే లాగుడు 18 కిలోలవుతుంది. బందులు ఎంత పైకి, ఎంత కిందికి పెడితే అంత మంచిదని మేస్త్రీలు అనేది ఇందుకే. మూడో బందు పెట్టేటప్పుడు కొందరు దాన్ని నట్టనడుమ కాకుండా పై బందుకు దగ్గరగా పెడతారు. లాగుడున్న చోటే సాయం కావాలి కదా.

'వేలాడటం' అనే ఇంగ్లీషు మాట ఎంత సరిగ్గా చూసిందో ఇప్పుడు అర్థమవుతుంది. తలుపు బతుకంతా పై బందు పట్టుకు వేలాడటమే.

బందు దగ్గర ఇంకో సంగతి ఉంది, పిల్లలున్న ఇళ్లలో తప్పకుండా తెలియాల్సింది. గడియ దగ్గర తలుపును రెండు కిలోల బలంతో నెడితే, అది పిన్నుకు 85 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బందు వైపు సందులో పిన్నుకు 2 సెంటీమీటర్ల దూరంలో పడే నొక్కుడు 85 కిలోలు. తలుపు వేసే పెద్దవాళ్లకు చేతిలో ఏ బలమూ తెలియదు, మామూలుగా నెట్టినట్టే ఉంటుంది. ఆ సందులో పసివాడి వేలుంటే పడేది మాత్రం ఒక నిండు మనిషి బరువు. గడియ వైపు వేలు నలగడం కన్నా బందు వైపు నలగడం ఎందుకంత ప్రమాదమో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. బందు వైపు సందును కప్పే ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతాయి. అవి లేకపోతే పసివాళ్లు తిరిగే గదుల తలుపులకు అడ్డుముక్క పెట్టి ఉంచడం మేలు.

కిర్రుమనే చప్పుడు గురించి ఒక్క మాట. పిన్నూ కణుపూ ఒకదాన్నొకటి పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుని, మళ్లీ జారడం వల్ల ఆ చప్పుడు పుడుతుంది. వయొలిన్ తీగ మీద కమాను లాగినా జరిగేది ఇదే. కొబ్బరినూనె వేస్తే అప్పటికి ఊరుకుంటుంది గానీ, కొన్నాళ్లకు దుమ్ము పట్టి జిగురవుతుంది. పిన్ను పైకి లాగి, తుడిచి, కాస్త గ్రీజు రాసి దింపడం సరైన పని.

ఒంట్లో కీళ్లు ఈ ఇనప బందులకు దగ్గరగా ఉంటాయి గానీ పూర్తిగా అవే కావు. మోచేయి, వేళ్ల కణుపులు చాలావరకు తలుపులాగే ఒకే దారిలో ముడుచుకుని తెరుచుకుంటాయి. మోకీలు కూడా అంతే అనిపిస్తుంది గానీ, అది ముడుచుకుంటూ కాస్త జారుతుంది, కాస్త మెలి తిరుగుతుంది. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా తొలినాళ్లలో అచ్చం తలుపు బందులా చేసిన కృత్రిమ మోకీళ్లు ఎముకలో పట్టు సడలి త్వరగా వదులయ్యేవి. మెలిక పోవడానికి చోటు లేకపోతే ఆ బలమంతా ఎముకలో దిగిన కాడ మీదే పడుతుంది. అచ్చం తలుపు లాగుడంతా స్క్రూల మీద పడ్డట్టే. ఇప్పటి కృత్రిమ మోకీళ్లలో చాలావాటికి మధ్యలో పిన్ను ఉండదు. జారడానికి చోటిచ్చి, పట్టును చుట్టూ ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లకీ కండరాలకీ వదిలేస్తారు.

కృష్ణ ఒడ్డున బతికేవాళ్లకు ఇంతకన్నా పెద్ద కీళ్లతో పరిచయం ఉంది, అవి కీళ్లని ఎప్పుడూ అనుకోకపోయినా. కాకినాడ నుంచి విజయవాడ మీదుగా మద్రాసు దాకా కాలవల్లో పడవలు నడిచిన రోజులున్నాయి. కాలవ మట్టం మారేచోట పడవను ఎక్కించి దింపడానికి కట్టినవే లాకులు. సీతానగరం లాకులు, దుగ్గిరాల లాకులు అని ఇప్పటికీ ఊళ్ల ఆనవాళ్లుగా ఆ మాట వాడతారు. లాకు తలుపులు రెండూ పక్కగోడల్లోని గుంటల్లో నిలువు ఇరుసుల మీద తిరుగుతాయి. మూసినప్పుడు అవి తిన్నగా ఒకే గీతలో నిలబడవు. ఎగువ వైపుకు కోసుగా, రెండు అరచేతుల వేళ్ల చివర్లు ఆనించినట్టు కలుస్తాయి. పైనుంచి నీళ్లు ఎంత తోస్తే అంత గట్టిగా బిగుసుకుంటాయి. గడియ అక్కర్లేదు, నీళ్లే గడియ. ఇటూ అటూ మట్టం సమానమయ్యేదాకా ఎవరూ తెరవలేరు, సమానమయ్యాక పెద్ద కష్టం లేకుండా తెరుచుకుంటాయి.

ప్రకాశం బ్యారేజీ తీరు వేరు. 1957లో పూర్తయిన దాని 70 గేట్లూ నిలువుగా పైకి లేచేవి. బరువుకు బరువు సరితూగేలా కౌంటర్ వెయిట్లుంటాయి, కీలు ఉండదు. 2024 సెప్టెంబరు వరదలో బోట్లు కొట్టుకొచ్చి దెబ్బతీసింది ఆ కౌంటర్ వెయిట్లనే. ఎగువన పులిచింతలలో ఉన్నవి 24 రేడియల్ గేట్లు. వీటి ముందుభాగం గుండ్రటి డబ్బాలోంచి కోసిన ముక్కలా వంపు తిరిగి ఉంటుంది. దాని వెనక నుంచి ఉక్కు చేతులు బయల్దేరి ఒక లావాటి పిన్ను దగ్గర కలుస్తాయి. ఇంజనీర్లు ఆ పిన్నును ట్రనియన్ అంటారు. వంపుకు కేంద్రం సరిగ్గా ఆ పిన్ను దగ్గరే ఉండేలా చేస్తారు. నీటి ఒత్తిడి ఎప్పుడూ తాను తాకే ఉపరితలానికి లంబంగా పడుతుంది కాబట్టి, గేటు మీద ఎక్కడ పడ్డ ఒత్తిడైనా ఆ పిన్ను వైపే పోతుంది. గేటును తిప్పేసే బలం నీళ్లకు ఉండదు. అందుకే అంత నీటి ముందు కూడా గేటు బరువు, రాపిడి మాత్రమే ఎత్తితే సరిపోతుంది. చూస్తే అద్భుతం అనిపించే ఏర్పాటు. దానికి చెల్లించే వెల ఏమిటంటే, గేటు మోసే నీటి బలమంతా చివరికి ఆ పిన్నుల మీదా, వాటిని పట్టుకున్న కాంక్రీటు మీదా కూర్చుంటుంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు ఎత్తుతుండగా కొట్టుకుపోయింది. ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ (గేటుకు బదులు తాత్కాలికంగా దించే అడ్డుపలక) దించాలంటే జలాశయం మట్టం తగ్గాలి, అందుకని నిల్వ చేసుకున్న నీళ్లు కిందికి వదిలేయాల్సి వచ్చింది. 24లో ఒకటి పోతే మిగతా 23 పట్టి ఉంచిన నీళ్లకూ దిక్కు లేకుండా పోయింది. కీలకం అంటే అదీ.

ఇక్కడికొచ్చాక ఆ మాట గురించి కాస్త గట్టిగా మాట్లాడాలి. విష్ణు సహస్రనామం చదివే ఇళ్లలో పూర్వభాగంలో రోజూ వినపడే మాట ఇది: ఇది బీజం, ఇది శక్తి, 'శంఖభృన్నందకీ చక్రీతి కీలకమ్'. బీజం నుంచి మంత్రం పుడుతుంది, శక్తితో నడుస్తుంది, కీలకంతో బిగుస్తుంది. కీలకం అంటే అక్కడ చీలే. చండీ సప్తశతి ముందు చదివే స్తోత్రాల్లో ఒకదాని పేరు అర్గళ, ఇంకొకదాని పేరు కీలకం. అర్గళ అంటే తలుపు వెనక అడ్డంగా వేసే గడియ మాను. అడ్డుమాను లేకపోతే అనర్గళం. ఎవరైనా అనర్గళంగా మాట్లాడారంటే, నోటికి గడియ లేదని ప్రేమగా అన్నట్టు. అరవై సంవత్సరాల పేర్లలో కూడా కీలక ఉంది. 1968 ఉగాదికి వచ్చి వెళ్లింది, మళ్లీ 2028 ఉగాదికి వస్తుంది. ఇంతటి కచ్చితత్వం ఉన్న మాటను ఇవాళ ఎలా వాడుతున్నాం? కీలక నిర్ణయం, కీలక ఆదేశాలు, కీలక వ్యాఖ్యలు, కీలక సమావేశం, కీలక అప్‌డేట్. సమావేశం వాయిదా పడినా అది 'కీలక సమావేశం వాయిదా'. ముఖ్యం, పెద్దది, చూడదగ్గది, కొత్తది అనే అర్థాలన్నీ దీని నెత్తినే వేశారు. 'ముఖ్యమైన' అంటే సరిపోయేచోట ముఖ్యమైన అనడానికి వచ్చిన కష్టమేమిటి? ప్రతి స్క్రూనీ బందు అని పిలిస్తే, రేపు నిజంగా బందు ఊడినప్పుడు చెప్పడానికి మాట ఉండదు.

కీలకం అవునో కాదో తేల్చడం కష్టం కాదు. దాన్ని తీసేస్తే చుట్టూ ఉన్నవి ఆగిపోవాలి, లేదా ఊడిపోవాలి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారీ, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారీ కలిసేది విజయవాడలో. హైదరాబాద్, చెన్నై, విశాఖ రైలు దారులు కలిసేదీ ఇక్కడే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు, మున్నేరు పొంగి ఈ చుట్టుపక్కల దారులూ పట్టాలూ నీట మునిగితే, ఎక్కడో వరంగల్లో రైలెక్కాల్సినవాళ్లూ నెల్లూరులో దిగాల్సినవాళ్లూ ఆగిపోయారు. విజయవాడను కీలక జంక్షన్ అంటే ఆ మాటకు అర్థం ఉంది. ప్రకాశం బ్యారేజీ కీలకం, దాని మీద సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఆధారపడింది. ఫలానా నాయకుడి ప్రెస్‌మీట్‌లో 'కీలక వ్యాఖ్యలు' మర్నాటికి ఎవరికీ గుర్తు లేకపోతే, ఏ తలుపూ వాటి మీద తిరగలేదన్నమాట.

మళ్లీ ఒరిగిన తలుపు దగ్గరికి వస్తే, మంచి మేస్త్రీ చిత్రిక తియ్యడు. ముందు తలుపును గడియ వైపు పట్టి కొద్దిగా పైకెత్తి చూస్తాడు, పై బందు ఎంత ఆడుతోందో చేతికి తెలుస్తుంది. అంచు కింద ఒక చెక్క ముక్క దూర్చి బరువు దాని మీద ఆనిస్తాడు. పై బందు స్క్రూలు ఒక్కొక్కటే విప్పుతాడు. చాలాసార్లు విప్పక్కర్లేకుండా చేతికే వచ్చేస్తాయి, రంధ్రంలో చెక్క పొడిపొడిగా అయిపోయి ఉంటుంది. ఊది శుభ్రం చేసి, టేకు చెక్కలోంచి సన్నటి పుల్లలు రెండు మూడు చీల్చి, ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దిగగొడతాడు. అవి కూడా కీలలే. ఆరాక మిగిలిన మొనలు ఉలితో కోసి, బందు రేకును గాడిలో కూర్చోబెట్టి, ఈసారి పాతవాటి కన్నా అర అంగుళం ఎక్కువ పొడుగున్న స్క్రూలు బిగిస్తాడు. కింద చెక్క ముక్క లాగేసి తలుపును వేలితో ఒక్క తోపు తోస్తాడు. అది నేలను తాకకుండా వెళ్లి గడియలో పడుతుంది.